మంచినీళ్ళు తాగమ్మా

కిందటి వారం గంట అనే ఆవిడని గొంతు డాక్టరు గది బయట కుర్చీలో వదిలేసి మనం ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం. పాపం, ఆవిడ ఆ కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది. స్వరతంత్రి మీద చిన్న కాయ లేచిందనీ, తీసెయ్యకపోతే మనిషికే ముప్పనీ, తీసేశాక గొంతు ఎలా ఉంటుందో మాత్రం ముందుగా చెప్పలేననీ డాక్టరు తేల్చేశాడు. బొంగురుపోవచ్చు, అసలు రాకపోనూవచ్చు. సోమవారానికి ఆసుపత్రిలో ఒక మంచం ఖాళీ ఉంది, కావాలో వద్దో శనివారం సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పమన్నాడు.

ఇంకొకరికైతే ఇందులో ఆలోచించడానికి ఏముంది? బలుసాకైనా తిని బతకమన్నారు పెద్దలు. కానీ గంట సంగతి వేరు. ఈ నగరంలో బస్సెక్కే ప్రతివాళ్ళకీ ఆవిడ గొంతు తెలుసు. "తర్వాతి స్టాపు..." అని మొదలుపెట్టి, తలుపులు తెరుచుకునే ముందు పేరు చెప్పే గొంతు ఆవిడదే. చిన్నప్పుడు బళ్ళో పాఠం పైకి చదివితే వరండా చివరిదాకా వినబడేదని స్నేహితురాళ్ళు పెట్టిన పేరు గంట. ఆ పేరే నిలిచిపోయింది, ఆ గొంతే అన్నం పెట్టింది. అదే పోతే తను ఎవరన్న ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు లేదు.

ఇంటికి వెళ్ళాక మొగుడికి కూడా చెప్పలేదు. ఆయనకి ఊరి నడిబొడ్డున తాళాల షాపుంది. మాట తక్కువ మనిషి. పెళ్ళయిన కొత్తల్లో ఏమోగానీ, కొన్నేళ్ళుగా ఆయన సాయంత్రం షాపు నుంచి రాగానే చేసే మొదటి పని, ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆవిడ ముందు పెట్టడం. "మంచినీళ్ళు తాగు" అంటాడు. "నేనేమైనా పూలకుండీనా, రోజూ నీళ్ళు పొయ్యడానికి?" అని ఆవిడ విసుక్కుంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు కూడా గ్లాసు వచ్చింది. ఏం గొంతు అలా ఉందని అడిగితే, జలుబు అంది.

ఇదీ కథ నిలిచిన చోటు. ఇప్పుడు శనివారం పొద్దున్న.

ఒక రోజంతా ఏ పనీ పెట్టుకోకుండా నడిబొడ్డు వీధులన్నీ తిరగాలని ముగ్గురు స్నేహితురాళ్ళు బడి రోజుల నుంచీ అనుకుంటున్నారు. ఒకరికి కుదిరితే ఇంకొకరికి కుదరదు. పిల్లల పరీక్షలు, అత్తగారి మోకాళ్ళు, షాపులో సరుకు. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు, ఎక్కడెక్కడో ఊళ్ళు చూసొచ్చారుగానీ సొంత ఊరు మాత్రం చూడలేదు. గురువారం గంటే ఇద్దరికీ ఫోన్ చేసి, "ఈ శనివారం పోదాం. పని ఉందని ఎవరైనా అంటే ఊరుకోను" అంది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

గొంతు తనదిగా ఉన్నప్పుడే వాళ్ళతో ఒకరోజు కడుపునిండా మాట్లాడుకోవాలని ఆవిడ కోరిక. అంతే.

గడియారం స్తంభం కింద ముందుగా వచ్చి నిలబడింది పిచ్చుక. నాటకాల కంపెనీకి దుస్తులు కుడుతుంది. మనిషి పిడికెడు, మాట బండెడు. నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడకి ఒక రహస్యం చెప్పడమూ, మైకులో చెప్పడమూ ఒకటే. రెండోది దుంగ. పళ్ళ డాక్టరు. మనిషి నిదానం, మాట పొదుపు. రోజంతా ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించే ఉద్యోగం కాబట్టి తను తెరవదని పిచ్చుక అంటూ ఉంటుంది.

"వినండి, ఇవాళ మనం ఈ ఊరివాళ్ళం కాదు," అంది పిచ్చుక, వాళ్ళు రాగానే ఇద్దరి చేతులూ పట్టుకుని. "ఎవరు ఏమడిగినా కొత్తగా వచ్చామనాలి. చుట్టాల్లా తిరగాలి. ఎక్కడపడితే అక్కడ ఫోటో దిగాలి. సిగ్గుపడినవాళ్ళు కాఫీ ఇప్పించాలి."

మొదటి కాఫీ దుంగే ఇప్పించింది. చేప నోట్లోంచి నీళ్ళు పడే ఫౌంటెన్ ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడమంటే ఆవిడ వల్ల కాలేదు.

ఆ పూట ముగ్గురూ చూడని సందు లేదు. గొడుగులు మాత్రమే అమ్మే షాపులోకి వెళ్ళి ప్రతి గొడుగూ తెరిపించారు. బొత్తాల షాపులో పిచ్చుక ఒక్క బొత్తాం కోసం ఎంత బేరం ఆడిందంటే, షాపతను చివరికి దాన్ని ఊరికే ఇచ్చి దణ్ణం పెట్టాడు. పాత బ్యాంకు మెట్ల దగ్గరి రాతి సింహాల నోట్లోకి దుంగ చాలాసేపు వంగి చూసి, "ఈ కుడివైపు దానికి కోరపన్ను తప్పు చెక్కారు," అంది. గంట పగలబడి నవ్వింది. నవ్వు చివర గొంతు జీరపోయి దగ్గు వచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకుంది.

"ఇంకా తగ్గలేదా జలుబు?" అంది పిచ్చుక.

"ఆ, పట్టుకుని వదలట్లేదు."

దుంగ ఆవిడ వైపు చూసింది.

నిజం చెప్పాలంటే గంటకి పొద్దుటి నుంచీ మనసు నిండుగానే ఉంది. ఇంత మంచి ఎండ, ఇద్దరి మధ్యా నడుస్తుంటే రెండు భుజాలకీ రెండు భుజాలు తగలడం, పై అంతస్తు కిటికీలో ఎవరో దులిపిన దుప్పటి కింద ముగ్గురూ ఒక్కసారే తలలు వంచుకోవడం. ఇన్నాళ్ళూ వీటన్నిటినీ పేర్లుగా చదివింది. గడియారం స్తంభం, పాత బ్యాంకు, గొడుగుల సందు. ఒక గదిలో, గోడలకి దుప్పట్లు వేలాడదీసి, మైకు ముందు కూర్చుని చదివిన పేర్లు. ఇవాళ కాళ్ళతో తిరిగితే ఆ పేర్లన్నిటికీ మొహాలు వచ్చాయి. ఇది చాలు, ఈ ఒక్కరోజు దక్కింది, చాలు అనుకుంది. అనుకున్న ప్రతిసారీ చేతిసంచీలో ఫోను బరువు తెలుస్తూనే ఉంది. సాయంత్రంలోగా చెప్పాలి.

మధ్యాహ్నానికి కాళ్ళు పీకాయి. నడిబొడ్డు చుట్టూ తిరిగే చిన్న బస్సొకటి ఉంది, ఎక్కినచోటికే మళ్ళీ తెచ్చి దింపుతుంది. "కూర్చుని ఊరు చూపిస్తుంటే వద్దంటామా?" అని పిచ్చుక ముందు పరిగెత్తి ఎక్కేసింది. గంట మెట్టు మీద ఆగిపోయింది.

ఈ బస్సంటే ఆవిడకి భయం. ఎందుకంటే ఈ బస్సులో ఆవిడ పరువు తక్కువ పని ఒకటి, ఏళ్ళ తరబడి, రోజూ మోగుతోంది.

ఆ పేర్లు చదివిన రోజు సంగతి అది. పొద్దున మొదలుపెట్టి అన్ని రూట్లూ ఒక్కరోజులో అయిపోవాలన్నారు. సాయంత్రమయ్యేసరికి గొంతు ఎండిపోయింది. ఆఖరున ఈ చిన్న బస్సు రూటు. అందులో "తర్వాతి స్టాపు" అన్నాక, "దీపాల వీధి" అనే ముందు, దగ్గు వచ్చేసింది. మళ్ళీ చదువుతానంది. రికార్డింగ్ చేసేవాడు గడియారం చూసుకుని, రేపు ఆ ముక్క కోసేస్తాలే అన్నాడు. వాడి రేపు ఇంతవరకు రాలేదు. దీపాల వీధిలోనే మొగుడి షాపు. అయినా గంట ఎప్పుడు వెళ్ళినా ఈ బస్సు ఎక్కదు. తప్పక ఎక్కినా ఒక స్టాపు ముందే దిగి నడుస్తుంది. తన దగ్గు తనే జనం మధ్య కూర్చుని వినడం ఆవిడ వల్ల కాదు.

"ఎక్కవే గంటా, తలుపు వేస్తున్నాడు!"

ఎక్కక తప్పింది కాదు. వెనక సీట్లో ముగ్గురూ సర్దుకున్నారు. బస్సు సగానికి పైగా నిండింది. బట్టల షాపులో పనిచేసే పిల్లలు, సంచీల నిండా కూరగాయలతో ఒక పెద్దావిడ, పేపరు చదువుకుంటున్న మనిషి, మధ్యాహ్నం ఇళ్ళకి వెళ్ళే ఆఫీసువాళ్ళు. అందరూ రోజూ ఎక్కేవాళ్ళలాగే ఉన్నారు. గొడుగుల సందు దాటింది. పాత బ్యాంకు దాటింది. గంట తలవంచుకుని చేతిసంచీ జిప్పు తీస్తూ, వేస్తూ కూర్చుంది.

"తర్వాతి స్టాపు..." అంది పైనుంచి ఆవిడ గొంతు, పడుచు గొంతు, కడిగిన గాజుగ్లాసులా. ఆ వెంటనే దగ్గింది.

అప్పుడు బస్సు బస్సంతా ఒక్క నోటితో అంది, "మంచినీళ్ళు తాగమ్మా!"

"దీపాల వీధి," అంది గొంతు, ఆ మాట విన్నట్టే.

ఎవరూ నవ్వలేదు. పేపరు మనిషి తల కూడా ఎత్తలేదు, పేపర్లోకే అన్నాడు. బట్టల షాపు పిల్లలు కబుర్ల మధ్యలో అనేసి, కబుర్లలోకి వెళ్ళిపోయారు. డ్రైవరు కూడా అన్నాడు.

పిచ్చుక ఒక్క ఉదుటున ముందుకి వంగింది. ముందు సీటు పెద్దావిడ భుజం తట్టి, "ఏమిటండీ ఇది? అందరూ అలా అన్నారేం?" అంది.

"ఈ ఊరికి కొత్తా?"

"అవునండీ," అంది పిచ్చుక, పొద్దుటి ఒప్పందం మరిచిపోకుండా.

"ఇది ఈ బస్సు అలవాటమ్మా. చాన్నాళ్ళ నుంచీ ఉంది. మొదట్లో ఆ దగ్గు వినబడితే అందరం నవ్వేవాళ్ళం. ఒకాయన మాత్రం నవ్వేవాడు కాదు. మధ్యాహ్నం పూట ఎక్కేవాడు, రోజూ. దగ్గు రాగానే కిటికీలోకి చూస్తూ మెల్లిగా, 'మంచినీళ్ళు తాగు' అనేవాడు. ఎవరికో పక్కనున్నవాళ్ళకి చెప్పినట్టు. విని విని మాకూ అంటుకుంది. ఇప్పుడు అననిదే ఆ రోజు ఏదో వెలితి. మొన్నామధ్య కొత్త గొంతు పెడతామని బస్సులవాళ్ళు అంటే, దగ్గు తీస్తే ఊరుకోమని చెప్పి వచ్చాం అందరం. ఎవరి బిడ్డో ఏమో తల్లీ, అంత అలిసిపోయి చదివింది మన కోసమే కదా. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను నేను. రోజు మొత్తం మీద ఒక మనిషికి నీళ్ళు తాగమని చెప్పేది ఇక్కడే."

"ఆయన ఇప్పుడూ ఎక్కుతాడా?" అని అడిగింది దుంగ.

డ్రైవరు అద్దంలోంచి జవాబిచ్చాడు. "తాళాలాయనా? ఎక్కకపోవడమేం? దీపాల వీధిలో ఎక్కి, చుట్టూ తిరిగి, మళ్ళీ దీపాల వీధిలోనే దిగుతాడు. నడుముకి తాళంచెవుల గుత్తి గలగలమంటూ ఉంటుంది. ఎక్కడికీ వెళ్ళేది లేదు, ఎందుకయ్యా అంటే గాలికి అంటాడు. ఇవాళే రాలేదు."

గంటకి కళ్ళు మసకబారాయి. గుండెలో ఏదో పొంగి గొంతుదాకా వచ్చింది, అక్కడున్న కాయకి తగిలి దగ్గయింది. ఈసారి రుమాలు అందలేదు. గట్టిగా, పొడిగా, చివర చిన్నగా విరిగే దగ్గు.

పేపరు మనిషి పేపరు దించాడు. రోజూ పైనుంచి వినబడే దగ్గు వెనక సీట్లోంచి వస్తే గుర్తుపట్టనివాళ్ళెవరు? అందరి తలలూ వెనక్కి తిరిగాయి. పెద్దావిడ ఒక్క క్షణం గంట మొహంలోకి చూసి, కూరగాయల మధ్య నుంచి సీసా తీసి, మూత తిప్పి చేతిలో పెట్టింది.

"మంచినీళ్ళు తాగమ్మా," అంది.

గంట తాగింది. ఏడుస్తూనే తాగింది. ఇన్నేళ్ళూ ఏ స్టాపు ముందు తలదించుకుని దిగిపోయిందో, ఆ స్టాపు దగ్గర ఇంతమంది తన కోసం కాచుకుని ఉన్నారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆవిడ పని. ఇంట్లో రోజూ ముందుకొచ్చే గ్లాసుని పూలకుండీకి పోసే నీళ్ళనుకుంది.

దీపాల వీధిలో ముగ్గురూ దిగారు. దిగుతుంటే డ్రైవరు తలుపు వెయ్యకుండా ఆపి, "మీరు నిదానంగా దిగండమ్మా," అన్నాడు. స్టాపు వెనకే బెంచీ ఉంటే కూలబడ్డారు.

"ఇది జలుబు కాదు కదూ?" అంది పిచ్చుక. గొంతులో సరదా పోయింది.

గంట చెప్పేసింది. కాయ సంగతి, సోమవారం సంగతి, సాయంత్రం లోగా చెయ్యాల్సిన ఫోను సంగతి. చెప్పడం అయ్యేసరికి పిచ్చుక లేచి నిలబడింది.

"ఎన్నాళ్ళయింది నీకు తెలిసి? నాకు చెప్పవా? నీ పెళ్ళి బట్టలు కుట్టింది నేను, నీ పురుటికి ఆసుపత్రి వరండాలో పడుకున్నది నేను. రోగమొస్తే పరాయిదాన్నయ్యానా?"

"నీకు చెప్తే ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను ఏడుస్తాను. ఏడిస్తే గొంతు పాడవుతుంది."

"పాడవడానికి ఇంకేం మిగిలిందే!" అంటూనే పిచ్చుక భోరుమంది. "దుంగా, చూశావా దీని నిర్వాకం? మనిద్దరికీ..."

"నాకు తెలుసు," అంది దుంగ.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"నెల నుంచీ చూస్తున్నా. బన్ను కాఫీలో ముంచుకు తింటోంది. మింగేటప్పుడు మెడ పక్కకి వంచుతోంది. తనే చెప్తుందని ఆగాను. ఇవాళ్టికి కూడా చెప్పకపోతే సాయంత్రం నేనే అడిగేదాన్ని."

"ఓహో! ఒకతి దాచింది, ఒకతి దాచిందని దాచింది! మధ్యలో వెర్రిబాగులదాన్ని నేను!" పిచ్చుక తిట్టిన తిట్టు తిట్టకుండా ఇద్దరినీ తిట్టింది. ఆ తిట్లు వింటుంటే గంటకి వారం రోజులుగా లేని ధైర్యం వచ్చింది. ఇలా తిట్టేవాళ్ళు ఉండగా తను ఒంటరిగా ఎందుకు మోసిందో ఆవిడకే అర్థం కాలేదు.

"భయమేసిందే," అంది చివరికి. "గొంతు పోతే నేను ఇంకేమిటి? నా దగ్గర ఇంకేముంది?"

పిచ్చుక ముక్కు తుడుచుకుని దుంగ వైపు చూసింది. దుంగ తీరిగ్గా ఆలోచించింది.

"బస్సులో ఇవాళ నీ గొంతు ఎన్నో స్టాపులు చెప్పింది," అంది. "జనం విన్నారు, దిగిపోయారు. ఎవరూ ఏమీ అనలేదు. నువ్వు దగ్గావు. అప్పుడు పలకరించారు."

వీధిలో ఎండ వాలుతోంది. షాపుల ముందు వేలాడే దీపాలు ఒకటీ అరా అప్పుడే వెలిగించారు. దగ్గిన మనిషికి నీళ్ళిచ్చినవాళ్ళు రేపు బొంగురుగా మాట్లాడే మనిషిని వదిలేస్తారా? మాటే రాని మనిషిని మాత్రం వదిలేస్తారా? వదిలెయ్యరు. ఆ సంగతి ఇవాళ ఆవిడ కళ్ళారా చూసింది.

"చేయించుకుంటాను," అంది లేస్తూ. "కానీ డాక్టరుకి చెప్పే ముందు ఆయనకి చెప్పాలి. ముందు ఆయనకే."

ముగ్గురూ గబగబా తాళాల షాపు వైపు నడిచారు. నాలుగు అంగల్లో ఉంది. కానీ షాపు మూసి ఉంది. శనివారం, బేరాల వేళ, ఊరందరికీ తాళాలు తీసిపెట్టే మనిషి తన షాపుకి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. పక్క వాచీల షాపతను తల బయటపెట్టి, "పొద్దున్నే వెళ్ళిపోయారండీ. మొహం అదోలా ఉంది. ఎక్కడికంటే చెప్పలేదు," అన్నాడు.

గంట ఆయనకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అదే వరస. వీధి చివర గడియారం సాయంత్రమైందని గుర్తుచేసింది. ఇంక ఆగడానికి వీల్లేక, పిచ్చుక ఒక చెయ్యీ దుంగ ఒక చెయ్యీ పట్టుకుని ఉండగా, డాక్టరుకి ఫోన్ కలిపింది.

"నేనండీ. సోమవారం ఆపరేషన్‌కి వస్తున్నాను," అంది. ఒక్క జీర లేకుండా పలికింది ఆ మాట.

"మంచి నిర్ణయం అమ్మా," అన్నాడు డాక్టరు. తర్వాత కాస్త తటపటాయించాడు. "మీ మాట కోసమే ఇక్కడ ఒకాయన పొద్దుటి నుంచీ బయట బెంచీ మీద కూర్చున్నారు. మీ విషయం నేను ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పనన్నా కదల్లేదు. ఇస్తున్నాను, మాట్లాడండి."

ఫోను చేతులు మారిన చప్పుడు. దాని వెనక, గలగలమంటూ, తాళంచెవుల గుత్తి. ఎవరు చెప్పారు ఈయనకి? ఎప్పటి నుంచి తెలుసు? అడగబోయింది. అంతలో అటువైపు నుంచి, ఎప్పుడూ సరిగా పెగలని ఆ గొంతు పలికింది.

"ఏమోయ్, మంచినీళ్ళు తాగావా?"